సీఎన్‌సీ లేత్‌పై థ్రెడ్ కోతకు ఒక్క పల్స్ సెన్సార్ చాలునా, స్పిండిల్ ఎన్‌కోడర్ తప్పదా?

గిరింపేట టర్నర్ (చిత్తూరు)

సభ్యులందరికీ నమస్కారం. చిత్తూరులో మాకు చిన్న మెషిన్ షాపు ఉంది. చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు కావలసిన స్టెయిన్‌లెస్ పైపు యూనియన్లు, నట్లు చేసి ఇస్తుంటాము. పాత ఆల్ గేర్డ్ లేత్ ఒకటి తీసుకుని, లీడ్ స్క్రూ, ఫీడ్ బాక్స్ తొలగించి, రెండు అక్షాలకు బాల్ స్క్రూలు, సర్వో మోటార్లు అమర్చుకున్నాము. స్పిండిల్‌కు మాత్రం పాత 5 హెచ్‌పీ మోటారునే ఉంచి వీఎఫ్‌డీతో (కరెంటు హెర్ట్జ్ మార్చి మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) నడుపుతున్నాము. టర్నింగ్, ఫేసింగ్, టేపర్ పనులలో ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది అంతా థ్రెడ్ దగ్గరే వస్తోంది. చక్ వెనుక ప్లేటుకు ఒక బోల్టు బిగించి, దాని ఎదుట ప్రాక్సిమిటీ సెన్సార్ పెట్టాము. చుట్టుకు ఒక పల్స్ వస్తుంది. మైల్డ్ స్టీలులో 1.5 మి.మీ. పిచ్ (ఒక గాడి నుండి పక్క గాడికి దూరం) థ్రెడ్ గేజ్‌కు సరిగ్గానే కుదురుతోంది. కానీ డీఎన్ 50 డెయిరీ యూనియన్‌కు వేసే గుండ్రని థ్రెడ్, అంటే ఆర్‌డీ 78 × 1/6 (78 మి.మీ. వ్యాసం, 1/6 అంగుళం పిచ్), 304 స్టెయిన్‌లెస్‌లో వేసినప్పుడు లోతు పెరిగేకొద్దీ థ్రెడ్ పలుచబడిపోతోంది. నట్ రెండు చుట్లు తేలికగా ఎక్కి ఆ తరువాత బిగుసుకుంటోంది. సెన్సార్ స్థానంలో ఎన్‌కోడర్ (స్పిండిల్ తిరిగిన కోణాన్ని చుట్టుకు వందల పల్స్‌లుగా చెప్పే పరికరం) పెడితే ఇది తీరుతుందా, లేక లోపం మరెక్కడైనా ఉందా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

రేణిగుంట ఫిట్టర్

నమస్కారం అన్నా. జవాబు చెప్పే ముందు మూడు సంగతులు తెలియాలి. ఎన్ని ఆర్‌పీఎంలో వేస్తున్నారు? హెడ్‌స్టాక్ ఏ గేరులో ఉంది? టూల్ లోహంలోకి దిగినప్పుడు మీటరులో ఆర్‌పీఎం ఎంతకు పడిపోతోంది?

గిరింపేట టర్నర్ (చిత్తూరు)

120 ఆర్‌పీఎంలో వేస్తున్నాము. గేరు మార్చే శ్రమ ఎందుకని పై గేరులోనే ఉంచి, వీఎఫ్‌డీలో హెర్ట్జ్ తగ్గించుకుంటున్నాము. మొదటి పాసులలో (టూల్ ఒక్కోసారి కోసుకుంటూ పోవడం ఒక పాసు) 120 దగ్గరే నిలుస్తుంది. పూర్తి లోతుకు దగ్గరయ్యే పాసులలో 112 వరకు పడుతోంది. టూల్ హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) ముక్క, రేడియస్ గేజ్ చూసి మేమే గ్రైండ్ చేసుకున్నది.

శేషాచలం ఆటోమేషన్ (తిరుపతి)

మీ ప్రశ్నకు జవాబు ఆ రెండు అంకెలలోనే ఉంది. 1/6 అంగుళం పిచ్ అంటే 4.233 మి.మీ. కంట్రోలర్ పాసు మొదట్లో 120 ఆర్‌పీఎం అని లెక్కగట్టి, జెడ్ అక్షాన్ని (టూల్‌ను జాబ్ పొడవునా నడిపేది) నిమిషానికి 508 మి.మీ. వేగంతో పంపింది. లోహం తగిలిన తరువాత స్పిండిల్ 112కు పడిపోయినా జెడ్ తన పాత వేగంతోనే వెళ్ళిపోయింది. అప్పుడు నిజంగా కోసిన పిచ్ 4.233 కాదు, 508ని 112తో భాగిస్తే వచ్చే 4.536. చుట్టుకు 0.3 మి.మీ. తేడా, ఆరు చుట్ల పొడవులో అది 1.8 మి.మీ. అవుతుంది. తేలికైన మొదటి పాసులలో స్పిండిల్ పడిపోలేదు గనుక అవి సరైన పిచ్‌లో ఉన్నాయి, బరువైన చివరి పాసులు సాగిన పిచ్‌లో ఉన్నాయి. ముందు పాసు వేసిన గాడిని తరువాతి పాసు పక్క నుండి తినేయడం వల్లనే థ్రెడ్ పలుచబడుతోంది.

పాత లేత్‌లో ఈ సమస్య ఎందుకు లేదో ఆలోచించండి. అక్కడ స్పిండిల్‌కూ లీడ్ స్క్రూకూ మధ్య చేంజ్ గేర్లు ఉండేవి. స్పిండిల్ నెమ్మదించినా, ఆగిపోయినా, వెనక్కి తిరిగినా క్యారేజ్ దానితోపాటే నడిచేది. మనం ఆ గేర్లను తీసి పక్కన పెట్టాము కాబట్టి వాటి పనిని మరొకటి చేయాలి. థ్రెడ్‌కు కావలసినది స్పిండిల్ ఎంత వేగంగా తిరుగుతోందన్న సమాచారం కాదు. ఈ క్షణాన ఎంత కోణం తిరిగిందన్న సమాచారం. చుట్టుకు ఒక్క పల్స్ ఇచ్చే సెన్సార్ ఆ కోణాన్ని చుట్టుకు ఒక్కసారే చెప్పగలదు. మిగిలిన 359 డిగ్రీల పొడవునా కంట్రోలర్ ఊహ మీద నడుస్తుంది. ఎన్‌కోడర్ ఉంటే ప్రతి చిన్న కోణానికీ లెక్క అందుతుంది, జెడ్ అక్షం ఆ లెక్కను అనుసరిస్తుంది. స్పిండిల్ 112కు పడితే జెడ్ కూడా అదే నిష్పత్తిలో నెమ్మదిస్తుంది.

తిరుచానూరు లేత్

శేషాచలం గారి లెక్కను కాదనలేను గానీ, ఎన్‌కోడర్ లేకుండా థ్రెడ్ రాదన్నట్లు చెప్పడం సరికాదు. మా దగ్గర ఒక్క పల్స్ సెన్సార్‌తోనే బోల్టులు, స్టడ్లు, బోర్ పైపు సాకెట్లు రోజూ వేస్తున్నాము. పెద్ద చక్, బరువైన స్పిండిల్, చాలినంత మోటారు ఉండి పాసుకు తక్కువ లోతు ఇస్తే ఆర్‌పీఎం పడదు. ఆర్‌పీఎం పడకపోతే పిచ్ మారదు. ముందు గేరు మార్చి చూడమనండి. ఖర్చు లేని మార్గం ఉండగా ఖర్చు పెట్టించడం ఎందుకు?

శేషాచలం ఆటోమేషన్ (తిరుపతి)

గేరు మార్చమన్న సలహా నూటికి నూరుపాళ్ళు సరైనదే. వీఎఫ్‌డీలో హెర్ట్జ్ తగ్గిస్తే మోటారు టార్క్ పెరగదు, దాని శక్తి మాత్రం తగ్గుతుంది. అదే వేగాన్ని గేరుతో తగ్గిస్తే చక్ దగ్గర టార్క్ పెరుగుతుంది. అయితే మీరు చెప్పిన పనులన్నీ సన్న పిచ్‌వి, మెత్తని లోహానివి. బోర్ పైపు థ్రెడ్ అంగుళానికి 11 చొప్పున 2.309 మి.మీ. పిచ్, ఇక్కడిది దానికి దాదాపు రెట్టింపు, పైగా కోత పడేకొద్దీ గట్టిపడే స్టెయిన్‌లెస్. ఆర్‌పీఎం ఒక్క శాతం పడినా ఆరు చుట్లలో పావు మిల్లీమీటరు తప్పుతుంది. డెయిరీ యూనియన్ నట్‌కు అంత వదులు ఉండదు.

కాళహస్తి టూల్‌రూమ్

ఎన్‌కోడర్ మాట తరువాత చూద్దాము. నాకు ముందు కనిపించిన లోపం కోత వేగం. 78 మి.మీ. వ్యాసం మీద 120 ఆర్‌పీఎం అంటే నిమిషానికి 29 మీటర్లు. 304 స్టెయిన్‌లెస్‌లో థ్రెడ్‌కు హెచ్‌ఎస్‌ఎస్ టూల్ ఆ వేగాన్ని తట్టుకోదు. అంచు మొద్దుబారుతుంది, మొద్దుబారిన అంచు లోహాన్ని కోయక రుద్దుతుంది, రుద్దిన చోట గట్టిపడుతుంది, దానితో మోటారు మీద భారం ఇంకా పెరుగుతుంది. 40 ఆర్‌పీఎంకు దిగండి. పది మీటర్ల లోపు ఉంటుంది. కోత నూనె ధారాళంగా పోయండి. ఎన్‌కోడర్ పెట్టినా ఈ వేగమే పాటించాలి.

పలమనేరు ఎలక్ట్రానిక్స్

ఇప్పుడు ఎన్‌కోడర్ ఎంపిక సంగతి. ఎక్కువ లైన్లు (ఒక్కో చానెల్‌లో చుట్టుకు వచ్చే పల్స్‌లు) ఉంటే ఎక్కువ మంచిదని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. ఏ పద్ధతిలో లెక్కిస్తున్నామన్న దానిని బట్టి ఉంటుంది.

1024 లైన్ల ఎన్‌కోడర్‌ను ఎ, బి చానెళ్ళ (ఒకదాని వెనుక ఒకటిగా వచ్చే రెండు పల్స్ వరుసల) నాలుగు అంచులతో లెక్కిస్తే చుట్టుకు 4096 లెక్కలు వస్తాయి. 1000 ఆర్‌పీఎం దగ్గర అది సెకనుకు 68,000 దాటుతుంది, అంటే ఒక్కో లెక్కకు దొరికే సమయం 15 మైక్రోసెకన్ల లోపే. కంప్యూటర్ ప్యారలల్ పోర్ట్ ద్వారా సాఫ్ట్‌వేర్‌లో లెక్కించే పద్ధతిలో ప్రతి 25 లేదా 30 మైక్రోసెకన్లకు ఒకసారి మాత్రమే చూస్తారు కాబట్టి లెక్కలు జారిపోతాయి. ఆ పద్ధతిలో 100 లైన్ల ఎన్‌కోడరే మేలు. దానికి ఒక్కో లెక్కకు 150 మైక్రోసెకన్లు దొరుకుతాయి. అదే మెసా 7ఐ76ఈ వంటి కార్డు ఉంటే లెక్క హార్డ్‌వేర్‌లోనే జరుగుతుంది. 1024 లైన్లు దానికి ఏమాత్రం భారం కావు.

ఇక వేగం తగ్గినప్పుడు వ్యవహారం తిరగబడుతుంది. కాళహస్తి గారు చెప్పిన 40 ఆర్‌పీఎం దగ్గర 100 లైన్ల ఎన్‌కోడర్ సెకనుకు 267 లెక్కలే ఇస్తుంది. కంట్రోలర్ ప్రతి మిల్లీసెకనుకూ చూస్తుంటే దాదాపు నాలుగు సార్లు చూసినా ఒక్కసారే లెక్క మారి ఉంటుంది. 4.233 పిచ్‌లో ఒక్కో లెక్క 0.0106 మి.మీ. కదలిక కాబట్టి జెడ్ అక్షం సాఫీగా పోక చిన్న చిన్న కుదుపులతో గుర్రుమంటుంది. కంప్యూటర్‌తో మెషిన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ లినక్స్ సీఎన్‌సీలో లెక్కల మధ్య అంచనా వేసి ఇచ్చే ఇంటర్‌పొలేటెడ్ పొజిషన్ పిన్ ఉన్నది అందుకే. 1024 లైన్లయితే ఇదే వేగంలో మిల్లీసెకనుకు రెండు మూడు లెక్కలు వస్తాయి, కుదుపు ఉండదు. పెద్ద పిచ్, తక్కువ వేగం అన్న ఈ పనికి నేను 1024 లైన్లు, హార్డ్‌వేర్ లెక్క అంటాను. పరిశ్రమలో వాడే లేత్‌లలో కూడా స్పిండిల్ పొజిషన్ కోడర్‌కు 1024 అన్నది బాగా నలిగిన అంకె.

గిరింపేట టర్నర్ (చిత్తూరు)

చాలా వివరంగా చెప్పారు సార్. మా దగ్గర ఉన్న కంట్రోలర్‌ను మార్చి లినక్స్ సీఎన్‌సీ, ఆ కార్డు పెట్టుకోవడానికి సిద్ధమే. అయితే ఎన్‌కోడర్‌ను ఎక్కడ బిగించాలి? స్పిండిల్ బోలుగా ఉంటుంది, వెనుక నుండి రాడ్ పెడతాము. వెనుక చివర బిగిస్తే దారి మూసుకుపోతుంది.

రేణిగుంట ఫిట్టర్

స్పిండిల్ వెనుక చివర పంటి పుల్లీ ఒకటి తొడిగి, అదే సంఖ్యలో పళ్ళున్న మరో పుల్లీని ఎన్‌కోడర్ షాఫ్ట్‌కు వేసి, టైమింగ్ బెల్టుతో కలపాలి. స్పిండిల్ లావుగా ఉంటుంది గనుక పుల్లీలు పెద్దవే అవుతాయి. ఎన్‌కోడర్ బేరింగ్ మీద ఆ బరువు, బెల్టు లాగుడు పడకుండా, చిన్న షాఫ్ట్‌ను రెండు బేరింగ్‌లలో నిలిపి, ఎన్‌కోడర్‌ను ఫ్లెక్సిబుల్ కప్లింగ్‌తో దానికి చేర్చండి. వి-బెల్టు, గుండ్రని బెల్టు పనికిరావు; అవి జారతాయి.

మరో దారి కూడా ఉంది. మీరు ఫీడ్ బాక్స్ తీసేశారు కానీ హెడ్‌స్టాక్ నుండి బయటకు వచ్చే స్టడ్ గేర్ షాఫ్ట్ అలాగే ఉండి ఉంటుంది. చాలా లేత్‌లలో అది స్పిండిల్‌తో సమానంగా, చుట్టుకు చుట్టు తిరుగుతుంది. చక్ మీద ఒక గీత, ఆ షాఫ్ట్ మీద ఒక గీత పెట్టి చేత్తో తిప్పి చూస్తే తెలిసిపోతుంది. గేర్ల మధ్య వదులు కొంత ఉంటుంది గానీ, స్పిండిల్ ఒకే దిశలో తిరుగుతున్నంతసేపూ ఎన్‌కోడర్ షాఫ్ట్‌కు కాస్త రాపిడి బ్రేకు పెడితే పళ్ళు ఒకే పక్క ఆనుకుని ఉంటాయి. నా ఓటు మాత్రం బెల్టుకే.

తిరుచానూరు లేత్

సమాన పళ్ళు ఎందుకు? నిష్పత్తి ఎంతయినా సాఫ్ట్‌వేర్‌లో స్కేల్ మార్చుకోవచ్చు కదా. చిన్న పుల్లీ వేసి ఎన్‌కోడర్‌ను రెట్టింపు వేగంతో తిప్పితే లెక్కలు కూడా రెట్టింపు వస్తాయి.

రేణిగుంట ఫిట్టర్

పిచ్ వరకు మీరన్నది నిజం. చిక్కు ఇండెక్స్ పల్స్‌తో, అంటే ఎన్‌కోడర్ తన ఒక్కో చుట్టుకు ఒక్కసారి ఇచ్చే పల్స్‌తో వస్తుంది. ప్రతి పాసు ఒకే కోణం దగ్గర మొదలు కావాలంటే ఈ జెడ్ చానెల్ పల్స్ (పేరు ఒకటే గానీ జెడ్ అక్షంతో సంబంధం లేదు) స్పిండిల్ ఒక్క చుట్టుకు ఒక్కసారే రావాలి. ఎన్‌కోడర్ రెండు చుట్లు తిరిగితే ఇండెక్స్ 0 డిగ్రీల దగ్గర ఒకసారి, 180 దగ్గర ఒకసారి వస్తుంది. కంట్రోలర్‌కు రెండింటి మధ్య తేడా తెలియదు. ఒక పాసు ఇటు, ఒక పాసు అటు మొదలై, అడగని డబుల్ స్టార్ట్ థ్రెడ్ తయారవుతుంది. ఎన్‌కోడర్ సగం వేగంతో తిరిగితే మాత్రం రెండు చుట్లకు ఒకసారి ఇండెక్స్ వస్తుంది; అది ఎప్పుడూ ఒకే కోణంలో వస్తుంది కాబట్టి పని నడుస్తుంది, కాకపోతే లెక్కలు సగమవుతాయి.

తిరుచానూరు లేత్

అర్థమైంది. ఈ మాట నేను ఆలోచించలేదు.

పలమనేరు ఎలక్ట్రానిక్స్

తీగల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వీఎఫ్‌డీ ఉన్న చోట సగం ఫిర్యాదులు అక్కడి నుండే వస్తాయి. ఓపెన్ కలెక్టర్ ఎన్‌కోడర్ చౌకగా దొరుకుతుంది, కానీ వీఎఫ్‌డీ పక్కన దాని సిగ్నల్ నిలవదు. ప్రతి చానెల్‌కూ జత తీగలుండే లైన్ డ్రైవర్ రకం తీసుకోండి. కార్డు మీది జంపర్లను డిఫరెన్షియల్ స్థానంలో పెట్టండి. మెలిపెట్టిన జతలు, పైన షీల్డ్ ఉన్న కేబుల్ వాడండి. మోటారు కేబుల్‌తో ఒకే పైపులో పంపకండి.

ఎ, బి చానెళ్ళలో నాయిస్ (బయటి నుండి తీగల్లోకి చేరే విద్యుత్ అలజడి) చేరితే పిచ్ మెల్లగా పక్కకు జరుగుతుంది; జెడ్ చానెల్‌లో చేరితే ఏదో ఒక పాసు ఉన్నట్టుండి వేరే చోట మొదలై జాబ్ పాడవుతుంది. పరీక్ష సులభం. చక్‌ను చేత్తో సరిగ్గా పది చుట్లు తిప్పి గీత దగ్గర ఆపితే పొజిషన్ 10.000 చూపాలి. తరువాత వీఎఫ్‌డీ ఆన్ చేసి, రకరకాల వేగాలలో తిప్పుతూ, రెండు ఇండెక్స్ పల్స్‌ల మధ్య లెక్క ప్రతిసారీ 4096 వస్తోందో లేదో హాల్‌స్కోప్‌లో (లినక్స్ సీఎన్‌సీ సిగ్నళ్ళను చూపే తెర) చూడండి. చేత్తో తిప్పినప్పుడు సరిపోయి, మోటారుతో సరిపోకపోతే లోపం నాయిస్‌దే.

శేషాచలం ఆటోమేషన్ (తిరుపతి)

హాల్ ఫైల్‌లో (లినక్స్ సీఎన్‌సీలో ఏ సిగ్నల్ దేనికి కలవాలో రాసే ఫైల్) మూడు కలుపులు ముఖ్యం. ఎన్‌కోడర్ పొజిషన్‌ను స్పిండిల్ రెవ్స్ పిన్‌కు కలపాలి. థ్రెడ్ కోసే కమాండ్లు జి33 (ఒక్క పాసు), జి76 (పాసులన్నీ వరుసగా) రెండూ ఆధారపడేది దీని మీదనే. ఎన్‌కోడర్ వేగాన్ని స్పీడ్-ఇన్‌కు కలపాలి. ఇది సెకనుకు చుట్లలో ఉండాలి, చుట్టుకు ఇంత ఫీడ్ అని చెప్పే జి95కు ఇది అవసరం. మూడవది ఇండెక్స్-ఎనేబుల్. ఇది రెండు వైపులా నడిచే పిన్ కాబట్టి ఎన్‌కోడర్ వైపుదీ స్పిండిల్ వైపుదీ ఒకే సిగ్నల్‌కు కలపాలి. ఇది మరిచిపోతే టూల్ థ్రెడ్ మొదట్లో నిలబడి ఇండెక్స్ కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది, ఎర్రర్ కూడా రాదు. స్పిండిల్‌ను సవ్యదిశలో తిప్పే ఎం3 ఇచ్చినప్పుడు పొజిషన్ పెరగాలి. తగ్గుతుంటే స్కేల్‌కు మైనస్ గుర్తు పెట్టండి.

జి76లో పి పిచ్, ఐ మొదలు గీత నుండి థ్రెడ్ శిఖరానికి దూరం, జె మొదటి కోత, కె మొత్తం లోతు. గుండ్రని థ్రెడ్‌కు లోతు పిచ్‌లో సగం, అంటే 2.117 మి.మీ. మీరు జి7లో, వ్యాసం పద్ధతిలో, ప్రోగ్రామ్ రాస్తుంటే ఐ, జె, కె మూడూ వ్యాసం లెక్కలోనే ఇవ్వాలి. అప్పుడు కె 4.234 అవుతుంది. ఆర్ విలువ 1 అయితే ప్రతి పాసుకూ సమాన లోతు, 2 అయితే సమాన కోత వైశాల్యం. స్టెయిన్‌లెస్‌కు 2 వైపే మొగ్గండి. క్యూ అన్నది టూల్ పక్కగా లోతుకు దిగే కోణం; మెట్రిక్ థ్రెడ్‌కు 29.5 ఇస్తాము, ఈ థ్రెడ్ కోణం 30 డిగ్రీలే కాబట్టి 15కు కాస్త తక్కువ ఇవ్వాలి. హెచ్ అన్నది చివర లోతు పెంచకుండా వేసే పాసుల సంఖ్య. గట్టిపడే లోహంలో అటువంటి పాసులు ఎక్కువ వేస్తే టూల్ రుద్దుకుంటుంది, ఒకటి చాలు.

మొదలులో ఖాళీ దూరం ఇవ్వడం మరవకండి. జెడ్ అక్షం నిలిచి ఉన్న స్థితి నుండి స్పిండిల్ వేగాన్ని అందుకునే లోపల కొంత వెనుకబడుతుంది. ఆ వెనుకబాటు వేగం వర్గాన్ని రెట్టింపు త్వరణంతో భాగించినంత. త్వరణం సెకను వర్గానికి 150 మి.మీ. అనుకుంటే 40 ఆర్‌పీఎంలో అది 0.03 మి.మీ. లోపు, 80లో 0.1 దాటుతుంది. అందుకే పాసుల మధ్యలో ఆర్‌పీఎం మార్చకూడదు. ఎన్‌కోడర్ ఉంది కదా అని మారిస్తే, పిచ్ సరిగ్గానే ఉన్నా గాడి మొత్తం పక్కకు జరుగుతుంది. స్పిండిల్ భారంతో కాస్త నెమ్మదించడం వేరు, మనం నాబ్ తిప్పి వేగం మార్చడం వేరు. ఖాళీ దూరం కనీసం మూడు పిచ్‌లు ఉంచండి.

గిరింపేట టర్నర్ (చిత్తూరు)

పెద్దలందరి సలహా ప్రకారం 1024 లైన్ల లైన్ డ్రైవర్ ఎన్‌కోడర్‌ను సమాన పుల్లీలు, టైమింగ్ బెల్టుతో బిగించాము. ఇండెక్స్‌ల మధ్య లెక్క అన్ని వేగాలలోనూ 4096 వస్తోంది. ముందు నీలి రంగు పూసిన ముక్క మీద గీత పడేంత లోతులో అయిదారు పాసులు వేస్తే అన్నీ ఒకే గీతలో పడ్డాయి. తరువాత లో గేరులో, 40 ఆర్‌పీఎంలో, అసలు జాబ్ వేశాము. పూర్తి లోతు పాసులో ఆర్‌పీఎం 39కి పడడం కనిపించింది, అయినా నట్ చివరి వరకు చేత్తో ఎక్కింది. థ్రెడ్ పై భాగం కూడా పలుచబడలేదు.

ఇప్పుడు మరొక ప్రశ్న. ఫ్యాక్టరీల నుండి వాడిన యూనియన్లు వస్తుంటాయి. థ్రెడ్ అక్కడక్కడ నొక్కుకుపోయి ఉంటుంది, ఒక పలుచని పాసు వేస్తే బాగవుతుంది. పాత లేత్‌లో హాఫ్ నట్ (క్యారేజ్‌ను లీడ్ స్క్రూకు పట్టించేది) వేసి, కాంపౌండ్ స్లైడ్‌తో టూల్‌ను గాడిలోకి తెచ్చుకునేవాళ్ళము. చక్ నుండి ఒకసారి విప్పిన జాబ్‌కు ఇక్కడ అదెలా చేయాలి?

శేషాచలం ఆటోమేషన్ (తిరుపతి)

ఎన్‌కోడర్ ఉన్నందుకు ఇది కొలిచి చేయగల పని అయింది. జాబ్ బిగించి, ఇండెక్స్-ఎనేబుల్‌ను ఒకసారి ఆన్ చేసి, చక్‌ను కోత దిశలో చేత్తో తిప్పండి. ఇండెక్స్ దాటగానే పొజిషన్ సున్నా అవుతుంది. అదే దిశలో ఇంకొంత తిప్పి, వెనక్కి తిప్పకుండా ఆపి, బాగున్న గాడి ఒకదానిలో టూల్ సరిగ్గా మధ్యకు వచ్చేలా జెడ్‌ను జరపండి. అప్పుడు రెండు అంకెలు రాసుకోండి. ఉదాహరణకు పొజిషన్ 0.35 చుట్టు, జెడ్ మైనస్ 9.000 అనుకుందాము. థ్రెడ్ మొదలు పెట్టవలసిన జెడ్ స్థానం ఆ మైనస్ 9కి 4.233 × 0.35 కలిపి, దానికి పిచ్‌ను పూర్తి చుట్ల చొప్పున ఎన్నిసార్లయినా కలిపితే వస్తుంది. అయిదు చుట్లు కలిపితే 13.647. జాబ్ ముఖం సున్నా దగ్గర ఉంటే అది మూడు పిచ్‌ల ఖాళీ దూరం కూడా ఇస్తుంది.

ఇక్కడ జి76 వద్దు. అది క్యూ కోణం ప్రకారం లోతుతోపాటు మొదలు స్థానాన్ని జరుపుతుంది. జి33తో ఒక్కో పాసు వేయండి. మొదటి పాసును లోహానికి అర మిల్లీమీటరు ఎడంగా గాలిలో వేసి, వెనుక నుండి లైటు పెట్టి టూల్ మొన గాడి మధ్యలోనే నడుస్తోందా అని చూడండి. పక్కకు ఉంటే ఆ తేడాను మొదలు స్థానంలో సరిచేసి, అదే ఆర్‌పీఎంలో మళ్ళీ వేయండి.

కాళహస్తి టూల్‌రూమ్

దీనికి టూల్ ప్రొఫైల్ పాత థ్రెడ్‌ను తయారుచేసిన టూల్‌కు సరిపోవాలి. గాడి అడుగు రేడియస్‌ను గేజ్‌తో చూసుకున్నాకే మొదలు పెట్టండి. అలాగే చక్ దవడలు థ్రెడ్‌ను నొక్కకుండా లోపలి వ్యాసానికి మాండ్రెల్ చేసుకుని బిగించండి. జాబ్ వంకరగా తిరుగుతుంటే టూల్ గాడి మధ్యలోనే నడిచినా ఒక పక్క లోతుగా, ఒక పక్క తేలికగా కోస్తుంది.

గిరింపేట టర్నర్ (చిత్తూరు)

మాండ్రెల్ రేపే చేస్తాను. డీఎన్ 40 యూనియన్లు కూడా ఇదే పిచ్ కాబట్టి, ఆర్‌డీ 65కు ఆర్‌పీఎం 48 వరకు పెంచవచ్చని లెక్క వేసుకున్నాను. అది సరేనంటే రెండింటికీ ఒకే సబ్‌రొటీన్ రాసి, వ్యాసం, ఆర్‌పీఎం మాత్రమే మార్చుకుంటాను.

కాళహస్తి టూల్‌రూమ్

48 సరే. నిమిషానికి 9.8 మీటర్లు వస్తుంది, 78కి 40 ఇచ్చినప్పుడు వచ్చినంతే.